మూడు నుంచి నాలుగుకు: పాత ఆటోమేటిక్ గేర్‌బాక్స్ మీద మా పని, నల్లగొండ

మార్చి 9

పని మొదలుపెట్టకముందే కారు స్థితి రాసిపెట్టుకోకపోతే, తరువాత ఏది మెరుగైందో ఏది మనసుకు మాత్రమే అలా తోస్తున్నదో తేలదు కాబట్టి ముందు ఆ వివరాలు. ఇది 2000 దశకం మధ్యలో తయారైన జపాను సెడాన్. 1.8 లీటర్ల పెట్రోల్ ఇంజన్, టార్క్ కన్వర్టర్‌తో (ఇంజన్ తిప్పును నూనె ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే భాగం) నాలుగు గేర్ల ఆటోమేటిక్ బాక్స్. నా కంటే ముందు మా మేనమామ చాలా ఏళ్లు నడిపాడు. లోపాలు మూడు. నిలబడి ఉన్నప్పుడు న్యూట్రల్ నుంచి డి లోకి వేస్తే బండి కింద ఢమ్మని తగులుతున్నది. ఒకటి నుంచి రెండుకు మారడం మరీ సాగుతున్నది. అన్నిటికంటే ఇబ్బంది పెట్టేది మూడోది: బాక్స్ బాగా వేడెక్కిన తరువాత, 55 - 60 వేగంలో మూడు నుంచి నాలుగుకు మారేటప్పుడు ఇంజన్ ఒక్కసారి గుయ్యిమని లేచి, ఆ వెంటనే బండి కుదుపుతో ముందుకు తోస్తున్నది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఈ మూడో లోపం అసలే కనిపించదు.

దేవరకొండ రోడ్డులోని షెడ్డులో ఉస్తాద్ బండిని ఒక చుట్టు తిప్పి వచ్చి తేల్చి చెప్పాడు: "సార్, ఇది దించుడే. లోపల ప్లేట్లు అయిపోయినయి." గేరును పట్టి ఉంచే క్లచ్ ప్లేట్లు నిజంగా అయిపోయి ఉంటే చల్లగా ఉన్నప్పుడు కూడా జారాలి కదా అని నా అనుమానం. బాక్స్‌ను బండి నుంచి దించే ముందు కొలిచి చూద్దామంటే ఆయన కాదనలేదు.

చవకైన పనులు ముందు చేశాము. ఇంజన్‌ను బండికి పట్టి ఉంచే మౌంట్లలో కుడివైపు దాని రబ్బరు నడిమికి చీలిపోయి ఉన్నది. ఇంజన్‌లోకి గాలి వెళ్లే థ్రాటిల్ బాడీలో మసి పట్టి, ఐడిల్ వేగం (కాలు పెట్టనప్పుడు ఇంజన్ తిరిగే వేగం) ఉండవలసిన దానికంటే నిమిషానికి దాదాపు 200 చుట్లు ఎక్కువగా నిలుస్తున్నది. మౌంటు మార్చి, థ్రాటిల్ శుభ్రం చేసేసరికి మొదటి లోపం చాలావరకు పోయింది. గేరు కుదుపు అని జనం గేర్‌బాక్స్ విప్పించుకునే సందర్భాలలో సగానికి సగం ఈ రబ్బరు దగ్గరే తేలిపోతాయని నా అభిప్రాయం.

మార్చి 16

నూనె మార్పు. డ్రైన్ బోల్టు తీస్తే మొత్తం నూనెలో సగం కూడా రాదు. మిగతాది కన్వర్టర్‌లోనూ, నూనెను చల్లబరిచే కూలర్ గొట్టాలలోనూ ఉండిపోతుంది. అందుకని తీసి, పోసి, కొంత దూరం నడిపి, మళ్లీ తీసే పద్ధతి పెట్టుకున్నాము. యంత్రంతో ఒకేసారి మొత్తం తోసేయడం ఇంత పాత బాక్స్‌కు నాకు ఇష్టం లేదు.

పాన్ (బాక్స్ కింది నూనె పళ్లెం) విప్పి చూస్తే అడుగున ఉన్న అయస్కాంతాల మీద బూడిదరంగు మెత్తని ముద్ద ఉన్నది, వేళ్ల మధ్య రుద్దితే కాటుకలా అంటుకుంటున్నది. ఇది మామూలు అరుగుదలే. చేతికి గుచ్చుకునే ఇనుప ముక్కలు గానీ, క్లచ్ లైనింగ్ పేలికలు గానీ కనిపించలేదు. నూనె మాత్రం ఎరుపు పోయి గోధుమరంగుకు తిరిగింది, కొంచెం మాడు వాసన ఉన్నది. కొత్త నూనె తయారీదారు మాన్యువల్‌లో రాసిన రకమే పోశాము. ఈ నూనెలో కలిపే ఘర్షణ రసాయనాలను బట్టే ప్లేట్లు పట్టుకునే తీరు మారుతుంది కాబట్టి, "అన్నిటికీ పనిచేస్తుంది" అని డబ్బా మీద రాసినంత మాత్రాన నమ్మి పోయకూడదు. ఒకప్పుడు అమెరికాలో ఈ పని కోసమే స్పెర్మ్ తిమింగలం నూనెను కలిపేవారు. తిమింగలాల రక్షణ చట్టాలు వచ్చిన తరువాత రసాయన శాస్త్రజ్ఞులు దానికి బదులు వెతుక్కోవలసి వచ్చింది.

నూనె మారాక రెండో గేరు కొంచెం చురుకైంది. నాలుగో గేరు లోపం అలాగే ఉన్నది.

మార్చి 30

కొలిచే సాధనం తయారైంది. మొదట ఓబీడీ సాకెట్‌కు (బండి కంప్యూటర్ అంకెలు చదివే చోటు) పెట్టే చవక బ్లూటూత్ ముక్కతో ప్రయత్నించాను గానీ, ఇంత పాత బండిలో అది సెకనుకు మూడు నాలుగు సార్లకు మించి అంకెలు ఇవ్వదు. గేరు మారడమే సెకనులోపు ముగిసే పని కాబట్టి ఆ అంకెలు దేనికీ కొరగావు. అందుకని గేర్‌బాక్స్ మీద తయారీదారు పెట్టిన రెండు వేగ సెన్సార్ల తీగల నుంచే సంకేతాన్ని తీసుకున్నాను. ఒకటి కన్వర్టర్ టర్బైన్ (గేర్‌బాక్స్‌ను తిప్పే వైపు చక్రం) తిరిగే వేగాన్ని, రెండోది బయటికి వచ్చే ఇరుసు వేగాన్ని చెబుతుంది. ఇవి అయస్కాంతం, తీగచుట్టతో పనిచేసే రకం. వేగం తక్కువైతే వోల్టేజీ కూడా చాలా తక్కువ. ఆ అలను చదునైన పల్సులుగా మార్చడానికి ఎల్ఎం1815 చిప్పు, లెక్కించడానికి ఈఎస్‌పీ32 బోర్డు, బండి ముందూ వెనుకా ఊగడాన్ని పట్టడానికి ఎంపీయూ6050 యాక్సిలరోమీటర్ వాడాను. బండి కంప్యూటర్‌కు వెళ్లే సంకేతం బలహీనపడకుండా మధ్యలో పెద్ద నిరోధాలు పెట్టడం ముఖ్యం. లేకపోతే కొలవబోయి కొత్త లోపం తెచ్చుకున్నట్టవుతుంది. యాక్సిలరోమీటర్‌ను సీటు కింద నేల ఉక్కుకు బోల్టుతో బిగించాను, కార్పెట్టుకు అతికిస్తే మెత్తదనం వల్ల కుదుపు తక్కువగా కనిపిస్తుంది.

ఏప్రిల్ 13

హాలియా మీదుగా సాగర్ వెళ్లి వచ్చినప్పుడు ఆ సాధనం నమోదు చేసిన లాగులు (కొలతల గీతలు) ఇవాళ కూర్చుని చూశాను. ఈ పని మొత్తంలో నాకు ఎక్కువ నేర్పింది ఈ గీతలే కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

టర్బైన్ వేగాన్ని బయటి ఇరుసు వేగంతో భాగిస్తే, సెన్సార్ల ఎదుట తిరిగే చక్రాల పళ్ల సంఖ్యను బట్టి సవరించాక, ఆ క్షణంలో ఉన్న గేరు నిష్పత్తి వస్తుంది. మా బాక్స్‌లో అవి వరుసగా 2.847, 1.552, 1.000, 0.700. గేరు స్థిరంగా ఉంటే గీత అడ్డంగా నిలుస్తుంది, మారుతున్నప్పుడు ఒక మెట్టు నుంచి కింది మెట్టుకు దిగుతుంది. ఒకటి నుంచి రెండుకు మారేటప్పుడు గీత ఎక్కడా పైకి లేవకుండా నెమ్మదిగా దిగింది, కానీ ఆ దిగడానికి 0.9 సెకను పట్టింది. మూడు నుంచి నాలుగుకు మారేటప్పుడు మాత్రం 1.00 నుంచి 0.70కి దిగవలసిన గీత ముందు 1.13 దాకా ఎగబాకి, అక్కడి నుంచి ఒక్క ఉదుటున కిందికి పడింది. ఆ పడిన చోటే యాక్సిలరోమీటర్ గీతలో పెద్ద మొన ఉన్నది.

ఈ తేడాకు కారణం బాక్స్ నిర్మాణంలోనే ఉన్నది. మొదటి గేరును పట్టి ఉంచేది ఒకవైపే తిరిగే క్లచ్. రెండో గేరు బ్రేకు ప్యాక్ (నూనె ఒత్తిడితో బిగుసుకునే ప్లేట్ల దొంతర) బరువు అందుకునేదాకా అది తనంతట తాను పట్టి ఉంచి, అందుకోగానే తనంతట తాను వదిలేస్తుంది. కాబట్టి రెండో గేరు ప్యాక్ ఎంత ఆలస్యంగా పట్టినా ఇంజన్ పైకి లేవదు, మార్పు సాగుతుందంతే. రెండు నుంచి మూడుకూ అంతే. మూడు నుంచి నాలుగుకు అటువంటి అండ లేదు. ముందున్న క్లచ్‌ను నూనె ఒత్తిడి తీసి వదిలించాలి, అదే సమయానికి నాలుగో గేరు బ్రేకు ప్యాక్‌లో నూనె నిండి పట్టుకోవాలి. పట్టేది ఆలస్యమైతే మధ్యలో ఇంజన్‌ను ఎవరూ పట్టుకోని ఖాళీ వస్తుంది. ఆ గుయ్యిమనే శబ్దం ఆ ఖాళీదే.

ఇక వేడిగా ఉన్నప్పుడే ఎందుకు? వేడికి నూనె పలచబడి, ఉన్న సందుల నుంచి ఎక్కువగా కారుతుంది. చల్లగా ఉన్నప్పుడు చిక్కదనమే ఆ సందులను మూస్తుంది. అంటే ప్లేట్లు కాదు, నాలుగో గేరు ప్యాక్‌కు నూనె వెళ్లే దారిలో ఎక్కడో లీకు.

ఇది ఉస్తాద్‌కు లాగు చూపించి చెబితే, ఆయన ఒకటి రెండు గేర్ల గీత మీదనే వేలు పెట్టి, "గిది మంచిగనే ఉన్నది గద సార్, మెత్తగ పడుతున్నది. దీన్నెందుకు ముట్టుడు?" అన్నాడు. మన దగ్గర ఆటోమేటిక్ బండి గురించి చాలామంది అనుకునేదే ఆయనా అన్నాడు. కానీ మెత్తగా పడటమంటే ప్లేట్లు అంతసేపు ఒకదాని మీద ఒకటి జారుతున్నాయనే అర్థం. జారినంతసేపు పుట్టే వేడి లైనింగ్‌కూ నూనెకూ పోతుంది. సెకను దగ్గర దగ్గరగా సాగే మార్పు ప్రయాణికుడికి సుఖంగా ఉన్నా బాక్స్‌కు ఆయుష్షు తీసేదే. నాకు కావలసింది మెత్తని మార్పు కాదు, పొట్టి మార్పు. అది కుదుపు లేకుండా దొరికితే సరి.

ఏప్రిల్ 20

లైన్ ఒత్తిడి, అంటే పంపు నుంచి బాక్స్‌లోకి వచ్చే నూనె ఒత్తిడి, కొలత. బాక్స్ పక్కన ఉన్న టెస్ట్ పోర్టు ప్లగ్గు తీసి గేజ్ బిగించాము. నూనె వేడి మీద, డి లో, ఐడిల్‌లో చదరపు సెంటీమీటరుకు 4 కిలోలు. బ్రేకు అదిమి పట్టి పూర్తి థ్రాటిల్ ఇచ్చినప్పుడు 10కి కొంచెం పైన. ఈ స్టాల్ పరీక్షను ఐదు సెకన్లు మించనీయకూడదు, ఇంజన్ శక్తి అంతా కన్వర్టర్‌లో నూనెను మరిగించడానికే పోతుంది. బండి ముందు మనిషిని నిలబెట్టకూడదని వేరే చెప్పనవసరం లేదు. డి లోకి వేశాక పట్టే ఆలస్యం 0.9 సెకను, రివర్స్‌కు 1.3. మాన్యువల్ హద్దులు 1.2, 1.5.

పంపు ఆరోగ్యంగా ఉన్నది. లీకు పంపు తరువాతే. వాల్వ్ బాడీ (ఏ ప్యాక్‌కు ఎప్పుడు నూనె వెళ్లాలో నడిపే వాల్వుల దిమ్మ) దించాలి గానీ బాక్స్ దించనక్కరలేదు. పాన్ విప్పితే వాల్వ్ బాడీ కింది నుంచే చేతికి వస్తుంది.

మే 4

పొద్దున్నే ఎండ ముదరకముందు మొదలుపెట్టాము. బండి నాలుగు స్టాండ్ల మీద, కింద కడిగి ఆరబెట్టిన సిమెంటు నేల, బల్ల మీద తెల్లని నైలాన్ గుడ్డ. నూలు గుడ్డ వాడొద్దని ఉస్తాద్‌కు ముందే చెప్పాను, ఒక్క నూలుపోగు వాల్వ్ సందులో చిక్కినా అది అక్కడే నిలిచిపోతుంది.

కంప్యూటర్ పంపే కరెంటుతో నూనె దారులను నడిపే సొలనాయిడ్ల తీగలు ఊడదీసేటప్పుడు ఒక్కొక్కటీ మల్టీమీటర్‌తో కొలిచాను. ఆన్, ఆఫ్ రకాలన్నీ 12 - 14 ఓమ్‌ల మధ్య, లైన్ ఒత్తిడి నడిపే లీనియర్ సొలనాయిడ్ 5 ఓమ్‌ల పైచిలుకు. అన్నీ బాగున్నాయి. లీనియర్ దాని నోటి దగ్గరి సన్నని జాలీలో మాత్రం మట్టు పట్టి ఉన్నది. బోల్టులు మూడు పొడవులలో ఉంటాయి కాబట్టి, అట్టముక్క మీద వాల్వ్ బాడీ ఆకారం గీసి, ఏ రంధ్రం బోల్టు ఆ రంధ్రంలోనే గుచ్చి పెట్టాము.

రెండు సగాలను విడదీయడమే జాగ్రత్తగా చేయవలసిన ఘట్టం. మధ్యలో సెపరేటర్ ప్లేటు, దాని మీద చిన్న చెక్ బాల్స్ ఉంటాయి. పై సగాన్ని ప్లేటుతో సహా పట్టుకుని లేపి, తిరగేసి, ఆ తరువాతే ప్లేటు తీయాలి. లేకపోతే బంతులు దొర్లిపోతాయి, ఏది ఎక్కడిదో తెలియదు. ప్రతి అడుగుకూ ఫోటో తీసుకున్నాము.

లోపం అక్యుములేటర్‌లో దొరికింది. నాలుగో గేరు ప్యాక్‌కు నూనె వెళ్లే దారి పక్కన ఒక చిన్న సిలిండర్, అందులో స్ప్రింగు మీద కూర్చున్న పిస్టన్ ఉంటాయి. ప్యాక్ ఒక్కసారిగా బిగుసుకోకుండా, వచ్చే నూనెలో కొంత ఈ పిస్టన్‌ను తోస్తూ ఒత్తిడి క్రమంగా పెరిగేటట్టు చేయడం దీని పని. పిస్టన్ చుట్టూ ఉండే రబ్బరు రింగు గోటితో నొక్కితే దిగలేదు. గట్టిపడి, ఒకవైపు చదునై ఉన్నది. వంచబోతే పుటుక్కున విరిగింది. ప్యాక్‌లోకి పోవలసిన నూనెలో కొంత ఆ రింగు పక్కనుంచి జారిపోతున్నదన్న మాట. పిస్టన్ కదిలే గోడ మీద వేలితో తడిమితే గీత తగలలేదు, అది మా అదృష్టం.

రింగుల సెట్టు హైదరాబాద్ నుంచి ముందే తెప్పించాను. కొలతలు పోల్చుకోవడానికి, ముక్కలు పోతే పనికి రావడానికి వనస్థలిపురం దగ్గరి ఆటోనగర్‌లో అదే రకం పాత వాల్వ్ బాడీ ఒకటి కొని పెట్టుకున్నాము. అక్యుములేటర్లన్నిటికీ రింగులు మార్చి, వాల్వులన్నిటినీ కొత్త నూనెలో కడిగి, ప్రతిదీ తన బరువుకే తన రంధ్రంలోకి జారుతున్నదా లేదా అని చూశాము. వాల్వ్ బాడీ బోల్టులు 11 న్యూటన్ మీటర్ల దగ్గర, నడిమి నుంచి అంచులకు, రెండు విడతలుగా బిగించాము. ఈ బిగుతు ఎక్కువైతే అల్యూమినియం వంగి బాగున్న వాల్వు కూడా పట్టేస్తుంది.

నూనె పోసి, ఇంజన్ నడుస్తుండగా గేరు లివర్‌ను అన్ని స్థానాలకూ తిప్పి, వేడెక్కిన తరువాత డిప్‌స్టిక్ చూశాము. బ్యాటరీ తీగ తీసి పెట్టి కంప్యూటర్ పాత అలవాటును మరిచిపోయేటట్టు చేశాను.

మే 11

3 - 4 గీత ఇప్పుడు 1.00 నుంచి తిన్నగా 0.70కి దిగుతున్నది. వేడి మీద కూడా ఎగబాకడం లేదు. మార్పుకు 0.6 సెకను. ఉస్తాద్ స్వయంగా నకిరేకల్ దాకా నడిపి వచ్చి, దించుడు తప్పిందని నవ్వాడు.

మే 25

రోహిణి కార్తె. మధ్యాహ్నం నీడలోనే 43 డిగ్రీలు. బాక్స్ నుంచి కూలర్‌కు వెళ్లే గొట్టం మీద ఉష్ణోగ్రత తీగ కట్టి చూస్తే, మిర్యాలగూడ రోడ్డు మీద ఏసీతో వెళ్తుంటే 118 డిగ్రీలు. ఇది చాలా ఎక్కువ. ఒక హద్దు దాటాక ప్రతి పది డిగ్రీలకూ నూనె ఆయుష్షు సగమవుతుందని ఈ రంగంలో వాడుక లెక్క. కొత్తగా వేసిన రబ్బరు రింగులు కూడా ఇదే వేడికి మళ్లీ గట్టిపడతాయి.

ఈ బండిలో గేర్‌బాక్స్ నూనెను చల్లబరిచే గొట్టం రేడియేటర్ కింది ట్యాంకులోనే ఉంటుంది. రేడియేటర్ షాపులో పాతదాన్ని కోయించి చూస్తే, సన్నని గొట్టాలలో సగం తెల్లని పెంకుతో మూసుకుపోయి ఉన్నాయి. ఏళ్ల తరబడి బోరు నీళ్లు పోసిన ఫలితం. నల్లగొండ నీళ్లంటే ఎవరికైనా ఫ్లోరైడే గుర్తుకొస్తుంది గానీ, రేడియేటర్‌కు చేటు తెచ్చేది నీటి కాఠిన్యం, వేడికి గోడలకు పేరుకునే కాల్షియం. ఇంకో ప్రమాదం కూడా ఉన్నది. కింది ట్యాంకులోని గొట్టం తుప్పుపట్టి చిల్లుపడితే కూలెంట్ నూనెలో కలుస్తుంది, అందులోని గ్లైకాల్ క్లచ్ లైనింగ్ జిగురును ఊడగొడుతుంది. అప్పుడు నిజంగానే దించుడు.

కొత్త రేడియేటర్ వేసి, డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సమపాళ్లలో పోశాము. అదే రోడ్డు, అదే ఎండ, 101 డిగ్రీలు. ఏసీ కండెన్సర్ ముందు చిన్న అదనపు ఆయిల్ కూలర్ పెట్టాక 92.

జూన్ 15

ఇక రెండో గేరు. దీనికి నెట్‌లో కనిపించే చిట్కా, లీనియర్ సొలనాయిడ్ తీగలో ఒక నిరోధం చేర్చడం. కరెంటు తగ్గితే ఒత్తిడి పెరిగే రకం సొలనాయిడ్ కాబట్టి లెక్క సరైనదే. కానీ కంప్యూటర్ ఆ కరెంటును కొలిచి సరిచేసుకునే బండిలో అది పనిచేయదు, పనిచేసిన చోట అన్ని గేర్లకూ, రివర్స్‌కూ కలిపి ఒత్తిడి పెంచుతుంది. నాకు కావలసింది ఒక్క గేరు.

అందుకని రెండో గేరు అక్యుములేటర్ స్ప్రింగు కింద ఉక్కు బిళ్ల పెట్టి, ఆ స్ప్రింగు తొలి బిగుతు పెంచే దారి పట్టాము. స్ప్రింగు బిగుతు పెరిగితే పిస్టన్ కదిలేటప్పుడు ప్యాక్‌లో నిలిచే ఒత్తిడి పెరుగుతుంది, ప్లేట్లు త్వరగా పట్టుకుంటాయి. లేత్ మీద 3 మిల్లీమీటర్లు, 1.5 మిల్లీమీటర్లు రెండు మందాలు తీయించాము. 3 మిల్లీమీటర్లతో మార్పు 0.4 సెకనుకు వచ్చింది గానీ, గడియారం సెంటర్ రద్దీలో కాలు తేలిగ్గా పెట్టి నడిపినప్పుడు వెనుక సీటులో తెలిసేటంత తోపు ఉన్నది. 1.5తో 0.55 సెకను, తోపు గీత పాతదానికంటే కొద్దిగా మాత్రమే ఎత్తు. అదే ఉంచాము. సమయం తగ్గినంత నిష్పత్తిలో ప్లేట్ల వేడి తగ్గదని కూడా చెప్పాలి. ఇంజన్ తిరుగుడులోని శక్తి ఎంతసేపట్లోనైనా ఆ ప్లేట్లలోనే కరగాలి. తగ్గేది, మార్పు సాగుతున్నంతసేపు ఇంజన్ అదనంగా తోస్తూ పోయే భాగం.

జూన్ 29

డిండి మీదుగా మన్ననూరు, అక్కడి నుంచి అడవిలో దోమలపెంట దాకా. రాత్రి తొమ్మిదికి అడవి గేటు మూస్తారు కాబట్టి తెల్లవారుజామున బయలుదేరి పగలే తిరిగి వచ్చాము. ఎక్కుడులో బాక్స్ మూడు, నాలుగు మధ్య ఊగులాడటం ఇంకా ఉన్నది. ఇది లోపం కాదు, నాలుగు గేర్ల బాక్స్‌లో 1.00కీ 0.70కీ మధ్య ఇంకో మెట్టు లేకపోవడం. నాలుగో గేరును ఆపే ఓవర్‌డ్రైవ్ మీట నొక్కి మూడులో ఉంచితే ఎక్కేటప్పుడు ఊగులాట ఉండదు, దిగేటప్పుడు ఇంజనే బండిని పట్టుకుంటుంది, బ్రేకులు కాలవు. నూనె వేడి ఘాట్ మొత్తంలో 97 దాటలేదు.

లాగులో కొత్తగా ఒకటి కనిపించింది. 65 వేగం దగ్గర కన్వర్టర్ లాకప్ (ఇంజన్‌ను గేర్‌బాక్స్‌కు నేరుగా కలిపే క్లచ్) పట్టేటప్పుడు టర్బైన్ గీతలో సన్నని వణుకు ఉన్నది. సీటులో ఇంకా తెలియడం లేదు. లాకప్ సొలనాయిడ్ నిరోధం సరిగ్గానే ఉన్నది కాబట్టి, ముందు మరోసారి నూనె మార్చి, కన్వర్టర్‌లో మిగిలిన పాత నూనె పాలు తగ్గించి, అదే రోడ్డు మీద లాగు తీయాలి. వణుకు తగ్గితే నూనె ఘర్షణ గుణమే కారణం. తగ్గకపోతే లాకప్ కంట్రోల్ వాల్వు చూడాలి, దానికి ఆటోనగర్ నుంచి తెచ్చిన పాత వాల్వ్ బాడీని ముందు బల్ల మీద విప్పి ఆ రంధ్రం అరుగుదల ఎలా ఉంటుందో కొలుస్తాను.